కుక్కర్ల కడుపులో

"సంతకం ఎవరిది? నీది! అయితే జవాబు కూడా నువ్వే రాయి!"

బావగారి గొంతు షెడ్డు రేకుల దాకా లేచింది. చేతిలోని కాగితాన్ని ఆయన బల్ల మీద కొట్టిన కొట్టుడికి టీ గ్లాసు ఒరిగి కీబోర్డు మీద కాస్త టీ ఒలికింది. చిన్నకోడలు ముందు కీబోర్డు తుడిచింది. తర్వాత కాగితం తుడిచింది. కోపం వచ్చినప్పుడు ఆమె చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

"రాయడానికి నాకేం బద్ధకం లేదు బావగారూ. ఏం రాయమంటారో చెప్పండి. అవి ఎలా ఎక్కాయో నాకు తెలిస్తే కదా!"

"తెలియకుండా సంతకం ఎలా పెట్టావు?"

"నేను సంతకం పెట్టేటప్పటికి వాటిలో క్లిప్పులే ఉన్నాయి. ముప్ఫై ఆరు కుక్కర్లూ మూతలు తీసి చూసింది నేను. మళ్లీ మూతలు పెట్టింది నేను. పెట్టెల మీద పచ్చ టేపు వేసింది కూడా నేనే."

"పచ్చ టేపు, పచ్చ టేపు! అదేమన్నా తాళమా, కప్పా?"

ఆ కాగితం పొద్దున్న పదకొండింటికి సముద్రం అవతలి నుంచి వచ్చింది. అక్కడి రేవులో వీళ్ల కంటైనరు తలుపులు తెరిచి చూశారట. రెండు వందల పన్నెండు నుంచి పదిహేడు దాకా నంబర్లున్న ఆరు అట్టపెట్టెల్లో జాబితాలో లేని సరుకు దొరికిందట. ప్రెషర్ కుక్కర్ల లోపల బట్టలారేసే క్లిప్పులు ఉండాలి. ఉన్నవేమో ఒంటికి కొట్టుకునే సెంటు స్ప్రేలు. కుక్కరుకి నాలుగు చొప్పున నూట నలభై నాలుగు డబ్బాలు.

వేడెక్కితే పేలే సరుకు అది. దానికి కాగితాలు వేరు, ఓడలో పెట్టే చోటు వేరు. ఇలా జరగడానికి కారణమేమిటో, బాధ్యులెవరో మన గడియారం ప్రకారం సాయంత్రం నాలుగింటిలోపు రాసి పంపాలి. పంపకపోతే కంటైనరు మొత్తం వెనక్కి వస్తుంది. అందులో పదిహేడు మంది దుకాణదారుల సరుకు ఉంది. స్కూలు సంచులు, చెప్పులు, గొడుగులు, బకెట్లు, బొమ్మలు, గోడ గడియారాలు. ఎవరికీ విడిగా ఒక కంటైనరు నింపే శక్తి లేదు కనుకే అందరూ ఈ షెడ్డుకి వస్తారు. అందరివీ కలిపి, సర్ది, ఓడెక్కించడమే ఈ ఇంటి పని.

"సరే, సరే. ముందు కాస్త నిదానంగా ఆలోచిద్దాం," అన్నాడు గోడకి ఆనుకుని నిలబడ్డ ఆమె భర్త.

రేవులో అతన్ని అందరూ సరేబాబు అంటారు. ఎవరేం అడిగినా ముందు సరే అనేసి, తర్వాత తల పట్టుకు కూర్చునే మనిషి. అతని మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం. ఇరవై ఏళ్లుగా కోప్పడుతున్న అన్నగారికే ఇంకా సరిగ్గా కుదరలేదు.

"నిదానంగా ఆలోచించడానికి ఇంకా ఎంత టైముందో కాస్త చూసి చెప్పండి," అంది చిన్నకోడలు.

అతను అలవాటుగా గోడ పక్కకి చూశాడు. అక్కడ వచ్చే కంటైనరు కోసం పేర్చిన గోడ గడియారాలు నలభై ఉన్నాయి. ఒక్కదానిలోనూ బ్యాటరీ లేదు. చివరికి జేబులోంచి ఫోను తీసి, "పన్నెండున్నర," అన్నాడు.

బావగారి చూపు మాత్రం అప్పటికే షెడ్డు వెనక వైపుకి వెళ్లింది. అక్కడ పొట్టి స్టూలు మీద కూర్చుని అత్తగారు బకెట్లలో బకెట్లు దించుతోంది. నడుముకి తాడుతో కట్టుకున్న కత్తెర, ఆవిడ ఇటు తిరిగినా అటు తిరిగినా స్టూలు కోడుకి తగిలి చప్పుడు చేస్తోంది. ఇంత గొడవ జరుగుతున్నా ఆవిడ తల ఎత్తలేదు.

ఎత్తకపోవడమే అనుమానం. మామూలుగా అయితే ఈపాటికి ఇద్దరు కొడుకులకీ చెరో నాలుగు తగిలించి ఉండేది.

అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ షెడ్డులో 'కడుపు నింపడం' అని ఒక పద్ధతి ఉంది. ఓడలో చోటుని బట్టి లెక్క కాబట్టి, బోలుగా ఉన్న ఏ వస్తువూ ఖాళీగా పోకూడదు. బకెట్లో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె, బూట్లలో సాక్సులు, కుక్కర్లో క్లిప్పులు. గాలిని ఓడెక్కించి మనమేం బాగుపడతాం అని పోయిన మామగారు అనేవాడట. ఆయన పోయాక ఆ పనికి అత్తగారిని మించినవాళ్లు లేరు. ఒక టిఫిను డబ్బాని చేత్తో పట్టుకుని, లోపల ఎన్ని జుట్టు పిన్నులు పడతాయో ఆవిడ చూడకుండా చెప్పగలదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఆవిడకి జాబితా అంటే లెక్కలేదు. జాబితా కొట్టడం అయిపోయాక కూడా ఎక్కడన్నా ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఏదో ఒకటి దూర్చేస్తుంది. దూర్చిన సంగతి మర్చిపోతుంది. ఆ విషయం మీద అత్తాకోడళ్లకి రెండుసార్లు పెద్ద గొడవే అయింది. ఆ తర్వాతే పచ్చ టేపు వచ్చింది. చిన్నకోడలు లోపల చూసి, జాబితా మీద సంతకం పెట్టి, పెట్టెకి పచ్చ టేపు వేశాక దాన్ని ఇక ఎవరూ ముట్టుకోకూడదు. అత్తగారైనా సరే.

"అమ్మా," అన్నాడు బావగారు. "నీకేమన్నా తెలుసా?"

ఆవిడ మరో బకెట్టు దించింది. "నన్నెవరన్నా అడిగి చేస్తున్నారా ఈ ఇంట్లో ఏదన్నా? కాగితాలొచ్చాక నా మాటెవడికి కావాలి?"

అది జవాబు కాదని అందరికీ తెలుసు. మళ్లీ అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

*

అత్తరు కొట్టాయనకి ఫోను చేసింది చిన్నకోడలు. అందరూ వినాలని స్పీకరు పెట్టింది.

నెల కిందట ఆయన ఇదే బల్ల ముందు నిలబడి, స్ప్రేల పెట్టె చూపించి బతిమాలాడు. ఇవి మామూలు సరుకుతో కలిపి ఎక్కించకూడదండీ అని ఆమె చెప్పింది. అవతల కూతురంత మనిషి కొత్తగా కొట్టు తెరుస్తోందమ్మా, మొదటి రోజు అరల్లో సెంటు లేకపోతే ఏం బావుంటుంది అన్నాడు. అయినా కుదరదంది. ఆయన ముఖం మాడ్చుకుని పెట్టె ఎత్తుకుపోయాడు.

"ఏమ్మా, అందరూ బావున్నారా?"

"బాగాలేమండీ. మీ స్ప్రేలు మా కుక్కర్లలో దొరికాయి."

అటు వైపు కొట్టులో ఎవరో తలుపు వేసిన చప్పుడు వచ్చింది.

"నా స్ప్రేలా? మీరు వద్దన్నారుగా. ఎత్తుకొచ్చేశాను."

"ఎత్తుకెళ్లి మళ్లీ ఎవరికిచ్చారు?"

"లోకంలో స్ప్రేలు అమ్మేవాణ్ణి నేనొక్కణ్ణేనా ఏంటమ్మా?"

"డబ్బాల మీద మీ కొట్టు చీటీ ఉందని రాశారండీ వాళ్లు."

లేదు. అలా ఎవరూ రాయలేదు. అప్పటికప్పుడు ఆమె నోటికి అలా వచ్చేసింది.

ఆయన గొంతు సగానికి తగ్గింది. "చూడమ్మా, నా దాకా తీసుకురాకండి. మీ ఇంట్లోవాళ్లు చాలా మంచివాళ్లు. మంచికి పోయిన మనుషుల్ని ఇబ్బంది పెట్టకండి." అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారికి ఫోను స్విచ్చాఫ్ అయింది.

"మంచివాళ్లన్నాడంటే నేను కాదని తేలిపోయింది," అన్నాడు బావగారు. అది ఆయన హాస్యానికి అనలేదు. నిజంగానే తన మీదున్న అనుమానం తీరిందన్నట్టు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"ఇచ్చాడన్నది మటుకు నిజం," అంది చిన్నకోడలు. "ఇంట్లోవాళ్లకే ఇచ్చాడు. ఎవరికిచ్చాడు?"

బకెట్ల చప్పుడు ఆగింది. సరేబాబు ఫోనులో మళ్లీ టైము చూసుకున్నాడు.

"సరే, క్లిప్పుల సంగతి చూద్దాం," అన్నాడు బావగారు ఒక్కసారిగా. "స్ప్రేలు పెట్టాలంటే క్లిప్పులు తియ్యాలి కదా. ఎనిమిది వందల అరవై నాలుగు క్లిప్పులు గాల్లో కలిసిపోవు. అవెక్కడుంటే దొంగ అక్కడుంటాడు."

ఆయన లారీ నడిపే మనిషి. ఆలోచన వస్తే కూర్చోలేడు. షెడ్డులో పెట్టెలన్నీ జరిపాడు, ఇనప బీరువా వెనక చూశాడు, మెట్ల కింద చూశాడు. తర్వాత చెప్పులు టపటపలాడిస్తూ షెడ్డునానుకున్న మేడ మీద ఇంట్లోకి వెళ్లాడు. కాసేపు పైన గిన్నెల చప్పుడైంది. ఆ తర్వాత డాబా తలుపు తెరుచుకుంది.

*

ఆ కాస్త సందులో సరేబాబు భార్యని మెట్ల కిందకి రమ్మని సైగ చేశాడు. అక్కడ నీళ్ల డ్రమ్ము పక్కన ఇద్దరు నిలబడేంత చోటుంది. పదిమందిలో మాట్లాడుకోలేనివి ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాలు అక్కడే మాట్లాడుకుంటారు. అత్తగారి ముందు అతన్ని మీరు అనే ఆమె, అక్కడ మాత్రం నువ్వు అంటుంది.

"పొరపాటు అని రాసెయ్," అన్నాడు అతను. "జాబితా కొట్టడంలో పొరపాటు జరిగింది, స్ప్రేలు రాయబోయి క్లిప్పులు రాశాం అని. గొడవ వదిలిపోతుంది."

"ఎవరికి వదిలిపోతుంది?"

"అందరికీ."

"పొరపాటంటే సంతకం పెట్టిన మనిషిదే తప్పు. సరుకు చూసి సంతకం పెట్టే నా కార్డు రెండేళ్లు ఆపేస్తారు. తెలుసా నీకు?"

"తెలుసు. రెండేళ్లే కదా..."

"రెండేళ్లే కదా!"

ఆమెకి ఒళ్లు మండింది. ఆ కార్డు కోసం ఆమె రెండుసార్లు పరీక్ష రాసింది. మొదటిసారి తప్పితే ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండింది. రెండోసారి, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని చదివింది. ఏ సరుకు దేనితో కలపొచ్చో, ఏది కలపకూడదో పేజీలకి పేజీలు అప్పజెప్పింది. అప్పజెప్పించుకున్నది ఇదిగో ఈ మనిషే. కార్డు వచ్చిన రోజు దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, బల్ల పైన మేకు కొట్టి తగిలించింది కూడా ఇతనే.

"అప్పుడు నువ్వే కదా అన్నావు, ఈ షెడ్డులో నీ సంతకం కంటే గట్టి తాళం లేదని?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ మనిషి పేరు రాస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ ఎగుమతి పెట్టెల మీద చెయ్యి వెయ్యకూడదు. పోర్టు గేటు దాటకూడదు. అది జన్మకి. నీదైతే రెండేళ్లు."

"అంటే అత్తయ్యే చేశారంటావా? నువ్వు చూశావా?"

అతను డ్రమ్ము మూత తీశాడు, పెట్టాడు.

"నేనెవర్నీ ఏమీ అనడం లేదు. అమ్మని నలుగురిలో నిలబెట్టడం నీకు బావుంటుందా అంటున్నాను."

"నన్ను నిలబెట్టడం నీకు బానే ఉందిగా?"

అతను డ్రమ్ము మూత మళ్లీ తీశాడు. ఎప్పుడూ ఇంతే. గొడవ పెట్టుకుందామంటే అవతల మనిషి ఉండడు, పాపం అనిపించే ఒక ముఖం మాత్రం ఉంటుంది. ఆమె విసురుగా బయటికి వచ్చేసింది.

*

బావగారు దిగివచ్చాడు. రెండు గుప్పిళ్ల నిండా కొత్త నీలం క్లిప్పులున్నాయి. వాటిని బల్ల మీద పోశాడు.

"డాబా మీద తీగకి ఉన్నాయి. తువ్వాళ్లకి పెట్టి ఉన్నాయి! నెల రోజులుగా మన బట్టలు మన కుక్కర్లలో క్లిప్పులకే వేలాడుతున్నాయి! అమ్మా, ఇవెక్కడివి?"

అత్తగారు స్టూలు మీదనుంచి లేవబోయి, మోకాలు పట్టేస్తే మళ్లీ కూర్చుంది.

"అటక మీద సంచిలో ఉన్నాయి. ఊరికే పడున్నాయి కదా అని ఓ పాతిక తీశాను."

"సంచి అటక మీదకి ఎలా ఎక్కింది?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలియకుండా ఈ ఇంట్లో సంచి అటకెక్కుతుందా? అగ్గిపుల్ల జరిగితే అడిగేదానివి! అంత సంచి కనబడితే ఇదేంటని ఒక్కళ్లనీ అడగలేదా నువ్వు?"

ఆవిడ పెద్దకొడుకు వైపు చూడలేదు. చిన్నకోడలు గమనించిందేమిటంటే, ఆవిడ ఆ క్షణాన ఎవరి వైపు చూడకూడదో వాళ్ల వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతోంది. కానీ అదెవరో అప్పటికి అర్థం కాలేదు.

"ఇంకేముంది?" అన్నాడు బావగారు చేతులు దులుపుకుంటూ. "అమ్మ పేరు రాసెయ్యి. ఆవిడ పోర్టుకి వెళ్లేది లేదు, వచ్చేది లేదు. మోకాళ్లు ఎలాగూ పోయాయి. పని మానెయ్యమని మనమే అంటున్నాం. నీ కార్డూ నిలబడుతుంది, కంటైనరూ నిలబడుతుంది."

"బావగారూ, ఆవిడ చేశానని అన్నారా?"

"చెయ్యలేదని కూడా అనలేదుగా!"

ముప్ఫై ఏళ్లు. ఈ రేకుల కింద ముప్ఫై ఏళ్లుగా ఆవిడ చెయ్యి తగలని పెట్టె ఓడెక్కలేదు. ఆ మనిషిని పెట్టె ముట్టుకోవద్దనడం ఎంత తేలిగ్గా అనేశాడు! అత్తగారితో తనకి వంద గొడవలు ఉండనీ, చిన్నకోడలికి ఆ మాట మింగుడుపడలేదు.

మధ్యలో ఫోన్లు ఆగడం లేదు. స్కూలు సంచులావిడ, గొడుగులాయన, చెప్పులాయన. ఎవరు చెప్పారో ఏమో, అందరికీ తెలిసిపోయింది. "మా సరుకు ఏమైందమ్మా?" అన్న ప్రశ్నకి ఆమె "నాలుగింటికి చెప్తానండీ" అంటూ పోయింది. నాలుగింటికి ఏం చెప్పాలో ఆమెకీ తెలియదు.

*

మూడూ ఇరవైకి అవతలి రేవులోని వీళ్ల ఏజెంటు ఫొటోలు పంపాడు.

పొద్దున్న పంపినవి మసగ్గా ఉన్నాయని ఆమె రెండుసార్లు అడిగితే ఇప్పుడు దగ్గరగా తీసి పంపాడు. మొదటిది తెరిచిన కంటైనరు. రెండోది మూత తీసిన కుక్కరు, లోపల నాలుగు స్ప్రేలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. మూడోది రెండు వందల పధ్నాలుగో పెట్టె పైభాగం.

తను వేసిన పచ్చ టేపు మధ్యలో నిలువుగా కోసి ఉంది. దాని మీద మామూలు గోధుమరంగు టేపు వేశారు. ఆమె ఫొటోని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

గోధుమరంగు టేపు చివర చిన్న మడత ఉంది. గోరంత వెడల్పు. చెవి తమ్మెలా పైకి లేచి ఉంది.

నాలుగో ఫొటోలోనూ ఉంది. ఐదో ఫొటోలోనూ.

పెళ్లయిన కొత్తలో ఈ షెడ్డులో ఆమెకి అప్పజెప్పిన మొదటి పని టేపు వెయ్యడం. చుట్టలో టేపు కొస ఎక్కడుందో దొరికేది కాదు. గోరుతో గీకి గీకి వేళ్లు నొప్పులు పుట్టేవి. ఒకరోజు చూస్తే ప్రతి చుట్టకీ కొస మడిచి ఉంది. పెట్టెల మీద టేపుకి కూడా అలాగే మడిచి ఉంది. ఎందుకని అడిగితే, "తర్వాత విప్పేవాళ్ల గోళ్లు విరక్కూడదు కదా," అన్నాడు అతను సిగ్గుపడుతూ. ఎక్కడో సముద్రం అవతల, ముఖం కూడా తెలియని మనిషి గోళ్ల గురించి ఆలోచించే మొగుడు దొరికాడని ఆమె ఆ రోజు ఎంత సంబరపడిందో! ఈ ఇంట్లో ఇంకెవరూ టేపు కొస మడవరు. బావగారు పంటితో తెంపుతాడు. అత్తగారు కత్తెరతో కోసి, అరచేత్తో రుద్ది, అంటుకుపోయేలా వేస్తుంది.

అత్తరు కొట్టాయన ఎవరిని మంచివాళ్లన్నాడో అప్పుడు అర్థమైంది. తను కుదరదన్న పనికి వెనక నుంచి సరే అన్నది ఎవరో అర్థమైంది. అత్తగారు చూపు ఎటు పోనివ్వలేదో కూడా అర్థమైంది.

ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. అరవాలనిపించింది. మొహమాటానికి ఒకడి మాట కాదనలేక పెళ్లాం సంతకం కోసేశాడు. కోసి, మళ్లీ దాని మీద ఎవరి గోళ్లూ విరక్కుండా టేపు మడిచి పెట్టాడు! పొద్దుటినుంచి తల్లిని అందరూ దొంగలా చూస్తుంటే గోడకి ఆనుకుని టైము చూసుకుంటున్నాడు. రెండేళ్లే కదా అన్నాడు.

ఆమె తలెత్తేసరికి అత్తగారు బల్ల ముందు నిలబడి ఉంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎలా లేచిందో, ఎప్పుడు నడిచి వచ్చిందో.

"నేనే పెట్టాను," అంది ఆవిడ. "రాసుకో."

"అత్తయ్యా..."

"ఖాళీ ఉందనుకుని దూర్చాను. ఎప్పుడూ చేసేదేగా. నీ మాట వినని దాన్ని కదా నేను! రాసుకో. వేలిముద్ర కావాలంటే వేలిముద్ర, సంతకం కావాలంటే సంతకం."

"హమ్మయ్య," అన్నాడు బావగారు. "ఈ ముక్క పొద్దున్నే చెప్తే పోయేదిగా!"

చిన్నకోడలు భర్త వైపు చూసింది. ఇప్పుడు మాట్లాడతాడు అనుకుంది. అమ్మా నువ్వు ఊరుకో అంటాడు అనుకుంది. అతను నేలకేసి చూస్తున్నాడు. ఎప్పుడూ నాలుక చివర ఉండే ఆ సరే కూడా రాలేదు. గోడ పక్కన నలభై గడియారాలున్నా టిక్కుమనే చప్పుడన్నది లేదు. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఆ ఎదురుచూపు పొడవెంతో ఆమె జీవితంలో మర్చిపోదు.

ఆమె లేచింది. మూలనుంచి ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన టేపు చుట్ట పెట్టింది.

"అత్తయ్యా, ఆ పెట్టెకి టేపు మీరే వేశారా?"

"నేను కాకపోతే ఎవరు?"

"అయితే దీనికి వెయ్యండి."

"ఏంటీ పిచ్చి వేషాలు?" అన్నాడు బావగారు. "టైమెంతైందో తెలుసా?"

"తెలుసు. వెయ్యండత్తయ్యా."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా ముప్ఫై ఏళ్ల చెయ్యి కదా, పెట్టె చూడగానే దాని పని అది మొదలుపెట్టింది. కొస దొరకబుచ్చుకుని టేపు బర్రున లాగింది. నడుము దగ్గర కత్తెరతో కోసింది. అరచేత్తో అటు నుంచి ఇటు గట్టిగా రుద్దింది. టేపు అట్టలో భాగమైపోయినట్టు అంటుకుంది. కొస ఎక్కడుందో వెతికినా దొరకనంతగా.

చిన్నకోడలు కంప్యూటరు తెరని అందరికీ కనబడేలా తిప్పింది.

అత్తగారు తెర వైపు చూసింది. తను వేసిన టేపు వైపు చూసింది. మళ్లీ తెర వైపు చూసింది. ఆవిడ ముఖంలో రంగు పోయింది. తర్వాత, ఎవరూ ఊహించని పని చేసింది. వంగి, గోటితో తన టేపు కొసని గీకడం మొదలుపెట్టింది. అది అట్టని పీక్కుంటూ లేచింది. లేచినదాన్ని రెండు వేళ్లతో వంకరగా మడిచింది.

"ఇప్పుడు సరిపోయిందా?" అంది ఆవిడ. "వాడి గేటు పాసు పోతే వాడేం చేస్తాడే? వాడికి ఇంకో పని వచ్చా? నాదెంత, రేపో మాపో మానేసేదాన్ని."

బావగారు నోరు తెరిచాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

సరేబాబు ముందుకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఆయన మూడుసార్లు వచ్చాడు," అన్నాడు. "పిల్ల కొట్టు తెరుస్తోందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎలా కాదనను? ఎవరూ తెరిచి చూడరనుకున్నాను."

"నేను కాదన్నాను కదా," అంది చిన్నకోడలు. "నేను కాదనగలిగాను. నాకూ కళ్లున్నాయి, ఆయన కన్నీళ్లు నాకూ కనబడ్డాయి. నేను కాదంటే అది లెక్కలోకి రాదని ఎవరికి చెప్పారు? ఆయనకా, మీకా?"

ఆమె కుర్చీలో కూర్చుని చకచకా కొట్టింది. జాబితా ఫలానా తేదీన సరిచూసి సంతకం చేయడమైనది. ఆ తర్వాత, లారీ ఎక్కే లోపల, సంతకం చేసినవారికి తెలియకుండా పెట్టెలు తెరిచి వేరే సరుకు ఉంచడమైనది. కింద ఒక గీత. ఆ గీత మీద బాధ్యుల పేరు. దాని కింద, పై విషయాలన్నీ నిజమని తన సంతకం.

గీత దగ్గర ఆగింది. కుర్చీలోంచి లేచింది. కీబోర్డుని భర్త వైపు తిప్పింది.

"పేరు నువ్వు కొట్టు."

అత్తగారి ముందు ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆ సంగతి ఎవరూ పట్టించుకునే స్థితిలో లేరు.

అతను కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. తెర మీద గీత పక్కన నల్లటి చిన్న పుల్ల వెలిగి ఆరుతోంది. నాలుగు కావడానికి ఆరు నిమిషాలున్నాయి.

అత్తగారు కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "నా పేరే కొట్టు నాన్నా. అమ్మ మాట విను."

"నిజం కొట్టు," అంది చిన్నకోడలు. "ఏది కొడితే దాని కింద నేను సంతకం పెట్టాలి. అది గుర్తుపెట్టుకుని కొట్టు."

అతను కీబోర్డు మీద చేతులు పెట్టాడు. తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు.

"సరే," అన్నాడు.

ఆ సరే ఎవరికి అన్నాడో ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు.